నిచ్చెనన్నకు ఇంకో ఏడు

చెట్టుకు కాయనిచ్చే దేవునికి, కాయని చెట్టుకు గడువునిచ్చే దేవునికి ముందుగా స్తోత్రం. నన్ను ఇన్నేళ్లు నేల మీద నిలిపి, ఈ నాలుగు మాటలు రాసుకోవడానికి కళ్లలో ఇంకా కాస్త చూపు మిగిల్చిన ఆయన కృపకు వందనాలు.

ఆ రోజుల్లో ఆట చూసేవాడికీ ఆడేవాడికీ మధ్య దూరం ఉండేది కాదు. ఇప్పుడు మా మనవడు టీవీలో ఎవరో ఆటగాణ్ణి, ఎప్పుడూ ముఖం చూడనివాణ్ణి, "వీణ్ణి తీసెయ్యాలి" అని తిడుతుంటాడు. మేము అలా కాదు. ముందు మనిషికి అన్నం పెట్టి, తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టేవాళ్లం. మణుగూరు బొగ్గుగనుల కాలనీలో షిఫ్టు దిగి స్నానం చేసిన మనిషికి రెండే దారులు: ప్రార్థన మందిరం, దాని పక్కనే ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు. (మూడో దారి కూడా ఉండేది. ఆ దారిన పోయినవాళ్ల కోసం బుధవారాలు ప్రార్థన చేసేవాళ్లం.) నేను అప్పుడే గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. ఆడటం రాదు గానీ గీత బయట నిలబడి అరవడంలో నాకు సంఘంలో మంచి సాక్ష్యం ఉండేది.

మా యువజన జట్టులాగే చుట్టుపక్కల కాలనీల జట్లన్నీ బయటి నుంచి ఒక్క ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. ఆయనకు మందిరం వెనక గది, సంఘం ఇళ్లలో వంతులవారీగా భోజనం, పెద్దల మాట మీద గని క్యాంటీన్‌లో పని. జనవరి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, ఆయన్ని ఇంకో ఏడు ఉంచుకోవాలా వద్దా అని సంఘమంతా కూర్చుని తేల్చేది. వద్దంటే ఆట ఒక్కటే పోదు, గదీ పనీ కూడా పోతాయి.

నిచ్చెనన్నను కొత్తగూడెం నుంచి తెచ్చింది నేనే. మందిరంలో మాడిపోయిన బల్బును స్టూలు లేకుండా మార్చిన మొదటి రోజే ఆయనకు ఆ పేరు స్థిరపడింది. మొదటి ఏడు ఆయన బంతి విసిరితే అది వెనక్కి చూడకుండా రింగులోకి పోయేది. రెండో ఏడు ఏమైందో గానీ, అదే బంతి రింగు అంచు మీద కూర్చుని, కాసేపు ఆలోచించుకుని, బయటికి దిగేది. (దీనికి నాదొక సిద్ధాంతం ఉంది. క్రిస్మస్‌కు లౌడ్‌స్పీకర్ కట్టీ కట్టీ మా రింగు ముందుకు వంగింది. అన్న చెయ్యి ఆ వంపుకు అలవాటు పడింది. ఎవరో మంచి ఉద్దేశంతో రింగును సరిచేశారు. నా సిద్ధాంతాన్ని ఈ రోజు వరకు ఎవరూ ఒప్పుకోలేదు.)

ఆ జనవరి మీటింగ్‌లో మొదట లేచింది హాలేజ్ మామ. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం నడిపేవాడు కాబట్టి ఆ పేరు. జట్టుకు ఆయన్ను మించిన అభిమాని లేడు, అందుకే ఆయన్ను మించిన విమర్శకుడూ లేడు.

"ఏడాదంత తిన్నడు, కప్పు మాత్రం తేలే. ఈసారి ఇల్లందు పోరన్ని పిలుద్దాం. వాడు ఉరుకుతుంటే బంతే వాని ఎనక ఉరుకుతదంట."

"అన్నకు చెయ్యి బెణికింది గద మామా," అన్నాను నేను.

"చెయ్యి బెణికితే ముద్ద ఎట్ల కలిపిండ్రా అల్లుడా?"

స్త్రీల సమాజానికి పెద్ద అయిన మా పెద్దమ్మ కొంగు సర్దుకుని, "గా ఇల్లందు పోరడు ఎంత పొడుగుంటడు?" అని అడిగింది.

"జర పొట్టిగనే ఉంటడు గని, మస్తు ఆడతడు."

"మరి క్రిస్మస్‌కు నక్షత్రం ఎవలు కడతరు? నువ్వెక్కుతవా గోపురం?"

ఈ మాటలు జరుగుతున్నంతసేపు నిచ్చెనన్న చివరి చాప మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, చాప పుల్ల ఒకటి పీకుతూ కూర్చున్నాడు. బయటికి వెళ్లమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వెనకాల మాట్లాడుకోవడం కొండెం చెప్పడమని, అది పాపమని మాకు బోధ. ముఖం మీద అనడం గురించి బోధ ఏమీ లేదు.

చివరికి మా పాస్టరు అయ్యగారు లేచి కాయని అంజూరపు చెట్టు ఉపమానం చెప్పారు. యజమాని నరికెయ్యమన్నాడు, తోటమాలి మాత్రం ఇంకో ఏడు చూద్దామని, చుట్టూ తవ్వి ఎరువేస్తానని బతిమాలుకున్నాడు. సభ చల్లబడింది. మా సంఘంలో ఒక సుగుణం ఉంది, వాక్యం వింటే వెంటనే అమలు చేస్తాం. అక్కడికక్కడే పని పంచుకున్నాం. తవ్వకం, అంటే తెల్లవారుజామున అన్నను కోర్టు చుట్టూ ఉరికించి, బంతి వేయించడం, హాలేజ్ మామది. ఎరువు పెద్దమ్మది. నేను రెండింటికీ పర్యవేక్షకుణ్ణి. (పని రానివాడికి ఆ రోజుల్లో కూడా అదే పదవి.)

తవ్వకం రెండు వారాలు కూడా సాగలేదు. మామకు మొదటి షిఫ్టు పడింది, ఆ తర్వాత నడుం పట్టింది, ఆ తర్వాత వానలు వచ్చాయి. ఎరువు మాత్రం ఒక్క పూట ఆగలేదు. వంతు వచ్చిన ప్రతి ఇల్లూ పక్కింటికన్నా ఎక్కువ ఎరువు వెయ్యాలని చూసింది. నాటుకోడి పులుసు, నెయ్యి వేసిన పప్పు, అడవి పల్లెల నుంచి ఆరాధనకు వచ్చే అక్కలు తెచ్చిన ఇప్పపువ్వు లడ్లు. అన్న వద్దనలేడు. "వద్దంటే దేవుని మాట వద్దన్నట్టయితదేమో తమ్మీ," అని నాతో ఒకసారి నెమ్మదిగా అన్నాడు, చేతిలో లడ్డు పెట్టుకుని. నేను పర్యవేక్షకుణ్ణి కాబట్టి తినమనే చెప్పాను.

డిసెంబరు మొదట్లో భద్రాచలంలో కప్పు ఆటలు. బస్సులో అన్న ఇద్దరి సీటులో ఒక్కడే కూర్చున్నాడు, అదీ నిండుగా. కోర్టులో ఆయన ఎగిరితే పాదాలు నేలను వదిలినట్టు నమ్మడానికి విశ్వాసం కావాలి. కానీ ఒక వింత జరిగింది. ఆయన రింగు కింద బంతి పట్టుకుని కదలకుండా నిలబడితే ఎదుటివాళ్లు ఉరికొచ్చి గుద్దుకుని కింద పడేవాళ్లు. తప్పు వాళ్లదేనని రిఫరీ విజిల్ వేసేవాడు. అన్నకు ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డురాకుండా బంతి వేసే అవకాశం, వచ్చేది. బంతి అంచు మీద కూర్చునేది, ఆలోచించుకునేది, దిగేది. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం. తిరుగు బస్సులో ఎవరూ పాట ఎత్తుకోలేదు. గోదావరి దాటాక అన్న అన్నాడు: "తమ్మీ, జనవరి దాక ఎందుకు? నక్షత్రం కట్టి నేను పోత. మీరందరు గంత పెట్టిండ్రు, నా మొఖం చెల్లుతలేదు."

నక్షత్రం కట్టాడు. పెట్టె కూడా సర్దాడు. అయినా జనవరి ఆదివారం వరకు ఉండమని అయ్యగారు అడిగితే కాదనలేకపోయాడు. మళ్లీ అదే చాప, అదే చివర.

హాలేజ్ మామ ఈసారి బాధగానే లేచాడు. "ఉపమానం ప్రకారం గడువు అయిపోయింది. ఇగ నరకాలె. నేనంటలేను, వాక్యం అంటున్నది."

నేను నేల చూస్తున్నాను. అప్పుడు పెద్దమ్మ కూర్చున్న చోటు నుంచే అడిగింది: "ఎరువు నేనేసిన. అందరు చూసిండ్రు. నువ్వు తవ్వినవా?"

"షిఫ్టు ఉండె గద వదినా."

"అవ్, షిఫ్టు ఉండె. తవ్వినవా, లేదా?"

"...లేదు."

"మరి గట్లయితే చెట్టుకు గడువు ఎట్ల అయిపోయింది? మొదలే కాలే."

అయ్యగారు బైబిలు తెరిచి ఆ వచనం మళ్లీ చూసుకున్నారు. ఆయన కూడా ఆ ఉపమానాన్ని ఆ వైపు నుంచి చూసి ఉండరు. మామ తలగోక్కుని, చివరి చాప దాకా నడిచి వెళ్లి, "రేపు పొద్దున జల్దీ లెవ్వు. నేనొస్త," అన్నాడు. అన్న చాప పుల్ల వదిలేశాడు.

మర్నాటి నుంచి ఇద్దరూ ఉరికారు. మంచులో ముందు అన్న, వెనక మామ, ఇద్దరి రొప్పూ మందిరంలో ఉదయ ప్రార్థనకు వినిపించేది. వర్షాకాలం నాటికి మామ నడుం నొప్పి కూడా పోయింది.

మరి ఆ ఏడు కప్పు వచ్చిందా అని మీరు అడుగుతారు. ఆ ఉపమానంలో చెట్టు చివరికి కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. అది లోపమని అప్పట్లో నాకు తోచి, అయ్యగారిని విసిగించాను. ఇప్పుడు నేనూ చెప్పను. గోపురం మీద నక్షత్రం మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన చేతే కట్టించుకుంది.

ఇప్పుడు నాకు షుగరు. మా ఇంటావిడ ఎరువు పూర్తిగా బంద్ చేసింది. జనవరి మొదటి ఆదివారం వస్తే నేనూ చివరి వరసలోనే కూర్చుంటాను, చాప బదులు ప్లాస్టిక్ కుర్చీ. పైన నా గురించే మీటింగ్ జరుగుతున్నట్టుంటుంది. "ఇన్నేండ్లు తిన్నడు, ఏం కాసిండు?" అని ఎవరో లేస్తారు. గీత బయట అరిచే ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. నా తరఫున అడిగే పెద్దమ్మ అక్కడ తప్పకుండా ఉండి ఉంటుందని ధైర్యం.

నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మాకు ఇంకో ఏడు ఇచ్చావు, వందనాలు. పక్కవాడి కొమ్మలో కాయలు వెతికే ముందు మా చేతికి పార ఇవ్వు. పొద్దున్నే జల్దీ లేపు. ఆమేన్.