చెల్లి స్ట్రింగ్ థియరీకి పాస్టర్ గారి ప్రార్థన

ఈ సాయంత్రం డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలోని మా క్వార్టర్‌కు పాస్టర్ గారు వచ్చారు. నాన్నే పిలిపించారు. మా చెల్లి సునీత బ్యాంకు ఉద్యోగం వద్దని, స్ట్రింగ్ థియరీలో పరిశోధన చేస్తానంటోంది. ఆయన చెబితే వింటుందని నాన్న ఆశ.

"ఏమిటమ్మా అది?" అని పాస్టర్ గారు అడిగారు.

"సృష్టిలో ఉన్నదంతా సన్నటి తీగల కదలికేనని చెప్పే సిద్ధాంతమండి. అన్నిటికీ ఒకే లెక్క."

"ఆ తీగల్ని ఎవరైనా చూశారా?"

"లేదండి. మన జీవితకాలంలో చూస్తామో లేదో కూడా తెలీదు."

"బ్యాంకుదైతే పక్కా నౌకరీ అండి," అని నాన్న గుర్తుచేశారు.

పాస్టర్ గారు టీ కప్పు కింద పెట్టారు. "మరి చూడకుండానే నమ్ముతున్నావా?"

"నమ్మడం లేదండి. లెక్క కుదురుతుందేమో చూస్తాను. కుదరకపోతే వదిలేస్తాను."

ఆయన అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. "ప్రభువా, ఈ బిడ్డ లెక్క కుదిరేలా చూడు తండ్రీ. కుదరకపోతే వదిలేసే ధైర్యం కూడా దయచేయి."

అందరం ఆమెన్ అన్నాం. నాన్న గొంతే గట్టిగా వినిపించింది. రెండో వాక్యానికే అన్నారనుకున్నాను. పాస్టర్ గారు వెళ్ళాక మాత్రం నాన్న, రేపు ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసి, చెల్లి పరిశోధన చేయబోయే చోట హాస్టల్లో పరుపు ఇస్తారో లేదో కనుక్కోమని నాతో చెప్పారు.

మీరైతే ఏ వాక్యానికి ఆమెన్ అనేవారు?