మ్యాట్ మేకు

2022 జూలైలో ఒక శనివారం హామిల్టన్‌లోని ఓ పార్కు మైదానంలో లీగ్ మ్యాచ్‌కు నన్ను అంపైర్‌గా వేశారు. అంతకు చాలా ఏళ్ల ముందు ఇంగ్లండ్‌లో ఒక కౌంటీకి ఆరు సీజన్లు ఆల్‌రౌండర్‌గా ఆడాను. మోకాలు పాడయ్యాక అంపైరింగ్ పరీక్షలు రాసి, తర్వాత కెనడా చేరాను. ఆ రోజుల్లో ఇక్కడి కాలేజీలకు మన విద్యార్థులు వెల్లువలా వస్తున్నారు. రెండు జట్లలోనూ సగం మంది తెలుగువాళ్లే.

ఆ పార్కులో పచ్చిక పిచ్ లేదు. చదును చేసిన రాతిపొడి మీద జనపనార మ్యాట్ పరిచి, బిగించి లాగి, అంచుల్లో ఇనుప మేకులు దిగ్గొడతారు. టాస్‌కు ముందు అంపైర్ ప్రతి మేకునూ తొక్కి చూసి తనిఖీ కాగితంపై సంతకం చేయాలి. ఆ ఉదయం కుర్రాళ్లు నా కౌంటీ రోజుల గురించి అడిగారు. చెప్పుకుంటూ కూర్చున్నాను. టాస్ వేళయింది. చూడకుండానే సంతకం పెట్టాను.

పదో ఓవర్ మొదటి బంతి గుడ్ లెంగ్త్‌లో పడి బ్యాటర్ భుజం మీదుగా లేచింది. అక్కడ లేవకూడదు. మ్యాట్ అంచు అలలా ఉబ్బి కనిపించింది. మేకు ఊడిందని అర్థమైంది. ఆపితే, చూడకుండా సంతకం చేశానని అందరికీ తెలుస్తుంది. మరో బంతి కూడా అలాగే లేచింది.

బ్యాటర్ ప్రవీణ్ వరంగల్ కుర్రాడు. తలకు టోపీ తప్ప హెల్మెట్ లేదు. నా వైపు చూసి, “అంకుల్, మ్యాట్ లేస్తున్నట్టుంది. జర చూస్తరా?” అన్నాడు.

వెనక నుంచి వికెట్ కీపర్, “భయమైతుందా తమ్మీ? పోయి స్కోరు రాసుకో” అన్నాడు. ఫీల్డర్లు నవ్వారు.

“ఓవర్ అయ్యాక చూద్దాం, ఆడు” అన్నాను.

ఇంకా నాలుగు బంతులున్నాయి. ఒక్కొక్కటీ బౌలర్ చేతి నుంచి వెలువడినప్పుడల్లా నేను మ్యాట్ అంచు వైపే చూశాను. మూడు సాఫీగా వెళ్లాయి. చివరిది అతని ఎడమ కంటి కింద తగిలింది.

అంబులెన్స్ వచ్చేదాకా నా తెల్లకోటు మడిచి అతని తల కింద పెట్టాను. హాస్పిటల్లో నా చేయి పట్టుకుని నెమ్మదిగా, “అంకుల్, ఈ కన్ను కనిపిస్తలేదు. ఇంట్ల చెప్పకుర్రి” అన్నాడు. డాక్టర్లు వాపు తగ్గేదాకా ఏమీ చెప్పలేమన్నారు.

మర్నాడు లీగ్‌కు రిపోర్టు రాశాను. మేకు ఊడి ఉందని, నేను తనిఖీ చేయలేదని, బ్యాటర్ చెప్పినా ఆట ఆపలేదని మూడు వాక్యాలు. నన్ను ఆ సీజన్‌కు ప్యానెల్ నుంచి తీసేశారు. అది న్యాయమే. ప్రవీణ్‌కు చూపు తిరిగి వచ్చింది గాని, ఎడమ అంచున మసక మిగిలిపోయింది. అతను మళ్లీ బ్యాట్ పట్టలేదు.

ప్రమాదం కనిపిస్తే ఏ బంతికైనా ముందు ఆట ఆపే అధికారం అంపైర్‌కు ఉంది. ఆ రోజు నాకు నియమం తెలియక కాదు, నా తప్పు బయటపడుతుందని భయపడి ఆపలేదు. తప్పు చేసిన అంపైర్ మొదట ఆట ఆపాలి, సంజాయిషీ తర్వాత. దాన్ని నేను ఇంకొకరి కంటితో నేర్చుకున్నాను.