ఇనుప కవచంలో అమ్మాయి

మోకాలి ఆపరేషన్ తర్వాత ఎవరో ఒకరు చెయ్యందిస్తేనే సీట్లోంచి లేచేదాన్ని. ఒకరోజు జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఒంటరిగా రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒకమ్మాయి పాతకాలపు యోధుల్లా ఒళ్లంతా ఇనుప కవచం తొడుక్కుని, ఫోన్లో తెలుగు మాట్లాడుతోంది. కత్తియుద్ధాల పోటీకి వెళ్తోందట.

"ఇంత బరువుతో పడితే లేవగలవా తల్లీ?" అని అడిగాను.

"అందరూ గట్లనే అనుకుంటరు ఆంటీ. బరువు ఒక్కతాన ఉండదు, ఒళ్లంత పంచుకుంటది. దీంతోనే గుర్రం గూడ ఎక్కుత. చూడుండ్రి."

తర్వాతి స్టేషన్లో రైలు ఆగగానే సీట్ల మధ్య వెల్లకిలా పడుకుంది. పక్కకు ఒరిగి, మోకాలు మడిచి, ఒక్క ఊపున లేచింది.

స్టుట్‌గార్ట్‌లో నేను దిగేముందు నాకు చెయ్యందించింది.

"వద్దమ్మా" అని, కమ్మీ కూడా పట్టుకోకుండా లేచి నిలబడ్డాను.

ఆ అమ్మాయి ఇనుప చేతులతో చప్పట్లు కొడుతుంటే పెట్టెంతా ఖంగుమంది.