పక్కింటి అక్క బొంతలు

నా చిన్నప్పుడు నగరిలో మా వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. ఒక ఏడు నూలు దొరక్క చాలా ఇళ్ళలో ఆ చప్పుడు ఆగిపోయింది. మా పక్కింటి అక్క మొగుడు కూలిపని వెతుక్కుంటూ వేరే ఊరికి పోవాల్సి వచ్చింది. ఇద్దరు పిల్లలతో ఇంట్లో మిగిలిన అక్క ఊరికే కూర్చోలేదు. ఇంటింటికీ తిరిగి గుడ్డముక్కలు, పాత చీరలు అడిగి తెచ్చి, బొంతలు కుట్టి అమ్మాలనుకుంది.

విన్నవాళ్ళంతా నవ్వారు. ఏ ఇంటి బొంత ఆ ఇంటి ముసలమ్మే కుట్టుకుంటుంది, దాన్ని దుడ్లిచ్చి ఎవరు కొంటారని. అందరికంటే గట్టిగా అన్నది ఇద్దరు. ఒకరు ఎదురింటి అవ్వ. ఇంకొకరు అక్క బావగారు, అంటే మొగుడి అన్న. ఆయన వాకిట్లో నిలబడి, "మనింటి ఆడది పాతగుడ్డలు అమ్ముకుంటే నేను వీధిలో తలెత్తుకునేది ఎట్లా?" అనేవాడు. అక్క ఆయనకు కాఫీ ఇచ్చి, ఆయన వెళ్ళాక మళ్ళీ సూది పట్టుకునేది.

అవ్వ దగ్గరికి మాత్రం తనే వెళ్ళింది. మొదటి బొంత పూర్తయిన రోజు దాన్ని నా నెత్తిన పెట్టి వెంట తీసుకెళ్ళింది. అవ్వ మధ్యాహ్నం దాని మీద పడుకుని లేచి, "కుట్లు దూరం దూరం ఉండాయి. కాలిమెట్టె తగులుకుంటాది. ఉతికితే లోపలి గుడ్డంతా ఒక పక్కకు పోతాది. ఎవురు కొంటారు దీన్ని?" అంది. నెలరోజుల పని అది. నాకు ఏడుపొచ్చింది. అక్క కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అయినా ఇంటికొచ్చి కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టింది.

"ఎగతాళి చేసే ఆమె కాడికి ఎందుకక్కా పోతావు?" అన్నాను కోపంగా.

"ఆమె బొంత సూసి మాట్లాడతా ఉండాది పాపా. మా బావ సూడకనే మాట్లాడతా ఉండాడు. ఆయనకు నేనేం చెప్పినా ఒకటే. ఈమె చెప్పింది మాత్రం సరిచేసుకోవచ్చు."

రెండోసారి, మూడోసారి కూడా అవ్వ ఏదో ఒక వంక చూపించింది. నాలుగోసారి పడుకున్న అవ్వ పొద్దు వాలేదాకా లేవనే లేదు. లేచాక బాగుందని అనలేదు. "ఇది ఈడనే ఉండనీ. నా కూతురు కాన్పుకు వస్తా ఉండాది. రేటు చెప్పు" అంది అంతే. అక్క అమ్మిన మొదటి బొంత అదే. తర్వాత తర్వాత బాలింతలున్న ఇళ్ళవాళ్ళు తామే అడిగి కుట్టించుకున్నారు. బావగారు మాత్రం ఆఖరుదాకా మారలేదు. ఆయన మారాలని అక్క ఆగనూ లేదు.

ఇప్పుడు మేముండేది తడలో. పోయినేడు మా కోడలు, దగ్గర్లోని శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు ఇంట్లోనే వండి క్యారేజీలు పంపిస్తానంది. ఇంత వయసొచ్చిన నాకూ 'మనకెందుకమ్మా, ఎవరు తింటారు' అనే మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆపుకుని, కంచం ముందుకు లాక్కుని, "ముందు నాకు పెట్టు" అన్నాను.

కడుపునిండా తిన్నాను. పులుసులో ఉప్పు తక్కువైంది. ఆ సంగతొక్కటే చెప్పాను.