పసుపు లైట్ల టాక్సీ

తొంభైల చివర్లో నేను టాక్సీ నడిపేవాణ్ణి. నా భార్య యాదమ్మ హైటెక్ సిటీలో కొత్తగా లేస్తున్న ఒక భవనం దగ్గర కూలిపనికి వెళ్లేది. ఆమెకు వినికిడి తక్కువ. అందుకే రోజూ సాయంత్రం నేనే వెళ్లి బోరబండలోని ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి.

ఒకసారి హెడ్‌లైట్ల బల్బులు మాడిపోయాయి. కాంతి రంగును ఉష్ణోగ్రత అంకెలతో చెబుతారనీ, అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి తెలుపు వస్తుందనీ, తెల్లటి వెలుగులో దారి బాగా కనబడుతుందనీ గ్రంథాలయంలో చదివాను. ఆ ఉత్సాహంతో పెద్ద అంకె ఉన్న తెల్లటి బల్బులు అడిగి వేయించాను.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. యాదమ్మ రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. బండి దగ్గరగా ఆపగానే వెనక్కి జరిగింది. ఆ తెల్లటి వెలుగులో ఆమెకు బండీ కనబడలేదు, నేనూ కనబడలేదు. పిలిచాను, వినబడలేదు. ఇంకాస్త ముందుకు పోనిచ్చాను. ఆమె వంగి రాయి అందుకుంది!

లైట్లు ఆర్పి, చేతులెత్తి దిగాను.

"నువ్వేనా! ఎవడో అనుకొని పరేషానైన. మన బండికి పసుపు లైట్లుంటయ్ గదా?" అంటూ ఏడ్చేసింది.

"తెల్లగుంటే మంచిగ కనవడ్తదని లైబ్రరీల చదివిన" అన్నాను, ఆమె చెవి దగ్గర గట్టిగా.

"అవ్, రాయి మంచిగనే కనవడ్డది! గిన్ని బండ్లల్ల నిన్నెట్ల గుర్తువట్టాలె?"

మర్నాడే మళ్లీ పసుపు బల్బులు వేయించాను. ఆ సాయంత్రం నా బండి మలుపు తిరుగుతుండగానే, యాదమ్మ టిఫిన్ సంచీ భుజాన వేసుకుని నవ్వుతూ ఎదురొచ్చింది.

కాంతి గురించి తర్వాత చాలానే చదివాను. యాదమ్మ నవ్వుతూ ఎదురొచ్చిన ఆ నడక గుర్తొస్తే మాత్రం పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుంటాను.