తొమ్మిదిలో ఆపడమంటే

రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్ నెలలో, చెరుకుపల్లి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. రోజూ తెనాలి నుంచి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. నేను చెబుతుంటే రాసిపెడుతున్నావు గదా బుజ్జీ, హెడ్‌మిస్ట్రెస్ అనే రాయి, ప్రిన్సిపాల్ అని కాదు. ప్రిన్సిపాళ్లు కాలేజీల్లో ఉంటారు.

అప్పటి నియమం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చెయ్యకూడదు. తొమ్మిదిలో మాత్రం, మార్కులు బొత్తిగా రాని పిల్లల్ని పైకి పంపాలా, అదే తరగతిలో ఉంచాలా అన్నది మా స్కూల్లో కమిటీ తేల్చేది. కమిటీ అంటే పెద్దదేం కాదు. నేను, క్లాస్ టీచరు, సబ్జెక్టు టీచర్లు. బయటివాళ్లకి అంతగా తెలియని సంగతొకటుంది. తొమ్మిదిలో ఎవర్ని ఆపుతామన్న దాన్నిబట్టి మరుసటేడు పదో తరగతి ఫలితాలు మారతాయి. నూటికి నూరు శాతం పాస్ అనిపించుకోవాలంటే, చదువులో వెనకబడ్డవాళ్లని తొమ్మిదిలోనే ఉంచెయ్యడం అన్నిటికన్నా తేలిక.

ఆ ఏడాది పరీక్షలయ్యాక మా ముందుకొచ్చిన పేరు లావణ్య. లెక్కల్లోనూ సైన్సులోనూ తప్పింది. పదిలో ఈ పిల్ల గట్టెక్కదు, ఇంకో ఏడాది ఉంటే పునాది పడుతుందని లెక్కల మాష్టారు ఒకటే మాట మీదున్నారు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేను మాత్రం ఇంటివాళ్లతో మాట్లాడాకే సంతకం పెడతానన్నాను. క్లాస్ టీచరు, బాపట్ల నుంచి వచ్చే కొత్తమ్మాయి, వాళ్లింటికి ఫోన్ చేసి, "మీ అమ్మాయిని ఈ ఏడాది ఆపాలనుకుంటున్నామండి, ఒకసారి రండి" అని చెప్పింది.

మర్నాడు వాళ్లమ్మ పొలం పని మానుకుని కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. చేతిలో ఓ పెద్ద సంచీ. అందులోంచి పాఠ్యపుస్తకాలన్నీ తీసి నా బల్ల మీద పెట్టింది.

"బడి పుస్తకాలు గదండీ, ఇచ్చేద్దామని తెచ్చా. టీసీ ఇప్పిస్తే దీన్ని రేపల్లెలో బట్టల కొట్లో పనికి పెట్టుకుంటామన్నారు మేడమ్ గారూ."

టీసీ దేనికమ్మా అని అడిగాను.

"మీరే గదండీ ఆపుతున్నామని ఫోన్ చేయించింది?"

అప్పటికి గానీ మాకు వెలగలేదు. మా స్టాఫ్‌రూములో 'ఆపడం' అంటే అదే తరగతిలో ఉంచడం. వాళ్లింట్లో పిల్లని ఆపేశారంటే బడి మాన్పించారని. నేనే విడమరిచి చెప్పాను, తీసెయ్యడం కాదమ్మా, మళ్లీ తొమ్మిది చదువుతుంది, అంతే అని. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం కూతురి వైపు తిరిగి, "ఎవరితో వస్తావే?" అంది.

ఆ ప్రశ్న ఏంటో నాకు అర్థం కాలేదు. లావణ్యని అడిగితే మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ల ఊరి నుంచి ముగ్గురాడపిల్లలు, ప్రభుత్వమిచ్చిన సైకిళ్ల మీద, కాలవ కట్టమ్మట కలిసి వస్తారు. మిగతా ఇద్దరూ పదికి వెళ్లిపోతున్నారు. పదో తరగతికి పొద్దున్నే అదనపు క్లాసు, సాయంత్రం బడయ్యాక స్టడీ అవర్స్. ఇక వాళ్ల వేళలూ ఈ పిల్ల వేళలూ కలవవు.

"ఒక్కదాన్నీ ఆ కట్ట మీద ఎట్టా పంపేదండీ? మీరు ఆపకపోయినా మేం ఆపాల్సిందేగా" అంది తల్లి.

అక్కడే ఉన్న లెక్కల మాష్టారు లావణ్య మార్కుల కాగితం మడిచి పక్కన పెట్టారు.

"లెక్కలు రావాలంటే ముందు పిల్ల రావాలి గదా మేడమ్. పంపించండి. సాయంత్రం స్టడీలో నా ఎదురుగా కూర్చోవాలి. అప్పటికీ రాకపోతే మిగతా లెక్కలు మీరే చెప్పుకోండి" అన్నారు. నాది సోషల్ సబ్జెక్టు.

లావణ్యని పదికి పంపాం. తల్లి పుస్తకాలు మాకే వదిలేసి, కొట్టువాళ్లకి పిల్ల రాదని చెప్పాలంటూ వెళ్లిపోయింది. మరుసటేడు ఆ పిల్ల సైన్సు గట్టెక్కింది, లెక్కలు తప్పింది, సప్లిమెంటరీలో పాసయింది. మా నూరు శాతం పోయింది. సమీక్షలో పైఅధికారులు ఎందుకు పంపారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లకది పెద్దగా నచ్చలేదు.

ఆ తర్వాత కూడా కొందర్ని తొమ్మిదిలోనే ఉంచాం. ఉంచడమే తప్పని నేననను. కాకపోతే ఇంటివాళ్లకి 'ఆపుతున్నాం' అని ఎవరూ చెప్పకూడదని టీచర్లకి చెప్పాను. మార్కులు చూస్తే పిల్లకి ఏం రాదో తెలుస్తుంది. అదే తరగతిలో ఉంచితే రేపు అసలు బడికొస్తుందో లేదో మార్కుల్లో కనపడదు. దానికి ఇంటివాళ్లని పిలిచి కూర్చోబెట్టి అడగాల్సిందే.