గ్యాస్ అన్నది నేనే

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు చిరాకు. మా అత్తగారు దిష్టి తీస్తానన్నా నవ్వేసేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం, రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోను. ఇది రాయడానికి మూడేళ్లు పట్టింది అందుకే.

అలబామాలో స్నేహితుల గృహప్రవేశానికి వెళ్లి, భోంచేసి, మధ్యాహ్నం కమ్మింగ్‌లోని మా ఇంటికి తిరిగొస్తున్నాం. డ్రైవ్ చేస్తున్నది నేను. దారిలో మా ఆయన ఛాతీలో మంటగా ఉందన్నారు. "ఆరు మిరపకాయ బజ్జీలు తింటే మండక ఏం చేస్తుంది?" అని కసిరి, నమలమని కాస్త వాము ఇచ్చాను. మన ఇళ్లలో ఛాతీలో ఏమొచ్చినా ముందు గ్యాసే కదా. ఆయన కూడా "గ్యాసేలే" అన్నారు.

రెస్ట్‌రూమ్ కోసం ఒక చిన్న ఊరి ఆసుపత్రి దగ్గర ఆపాను. ఆయన కార్‌లోనే ఉన్నారు. యుద్ధంలో పోయిన తమ పిల్లల జ్ఞాపకార్థం ఊరివాళ్లు కట్టుకున్న ఆసుపత్రి అట, లాబీ గోడ నిండా పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు కనిపిస్తే, పాపం అనిపించి ఆగాను.

పక్కనే చేతిసంచీతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. "కార్‌లో ఎవరున్నారు?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. మా ఆయన, గ్యాస్ అంతే అన్నాను. ఆవిడ కాదన్నట్టు తల ఊపింది. నీకెందుకమ్మా అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఎమర్జెన్సీ గది బయటి కుర్చీ. ఆయనకి గుండెపోటు. వెంటనే మందులిచ్చి, హెలికాప్టర్‌లో పెద్ద ఆసుపత్రికి పంపారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదన్నారు.

ఆయన కోలుకున్నాక, ఆ పెద్దావిడకి థాంక్స్ చెప్పాలని ఇద్దరం స్వీట్లు తీసుకుని వెళ్లాం. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు నన్ను గుర్తుపట్టింది. అప్పుడు లాబీలో పెద్దావిడ ఎవరూ లేరంది. "వీల్‌చెయిర్ మీరే తోసుకొచ్చారు. గుండె నొప్పి, ఎడమ చేయి మొద్దుబారి గంటయింది అని మీరే చెప్పారు. అందుకే మేం క్షణం ఆగలేదు," అంది.

నేనా? కంగారులో మర్చిపోయి ఉంటానులే అని సర్దిచెప్పుకున్నాను.

 తిరుగు దారిలో మా ఆయన, "నువ్వు కసురుతావని చేయి సంగతి నీకు చెప్పనే లేదే," అన్నారు.

కారు పక్కకి ఆపి ఏడ్చాను. ఆ మాట నా నోటికెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నాకు చెప్పడానికి ఆయన భయపడ్డారన్నది మాత్రం తెలుసు.